యుద్ధానికి జవాబుగా వచ్చే ప్రయాణ నిషేధ చట్టాన్ని చదవడం ఎలా

ఒక దేశం పొరుగు దేశంపై దండెత్తినప్పుడు, ఆ దండయాత్రకు కారకులైన పాలకులను, వారి అండతో ఎదిగిన కుబేరులను తమ గడ్డపై అడుగు పెట్టనివ్వబోమని ఇతర దేశాలు ప్రకటిస్తాయి. 2022 ఫిబ్రవరి 24న ఉక్రెయిన్‌పై రష్యా పూర్తిస్థాయి దాడి మొదలైన తరువాత కొద్ది వారాల్లోనే యూరోపియన్ యూనియన్, బ్రిటన్, అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజీలాండ్ వంటి దేశాలు ఇటువంటి జాబితాలను వెలువరించాయి. వార్తల్లో మనకు వినిపించేది ఆ జాబితాలో ఎన్ని పేర్లు ఉన్నాయన్న లెక్క మాత్రమే. అయితే ఆ నిషేధం సరిహద్దు దగ్గర నిలబడుతుందా, కోర్టులో నిలబడుతుందా అన్నది తేలేది చట్టంలో ఎవరూ పెద్దగా చదవని నాలుగైదు క్లాజులలో. ఆ క్లాజులను ఎలా వెతకాలో, దొరికాక ఏ ప్రశ్నలు వేయాలో విద్యార్థులకు, పాత్రికేయులకు, అనువాదకులకు, ఈ విషయంపై నిజమైన ఆసక్తి ఉన్న పాఠకులకు చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

చదవడం మొదలుపెట్టే ముందు మూల పాఠాన్ని ఎదురుగా పెట్టుకోండి. పత్రికా ప్రకటనను నమ్ముకుని చట్టం గురించి రాయడం వల్ల జరిగే పొరపాట్లు చాలా ఉన్నాయి. చట్టం పలుమార్లు సవరణకు గురై ఉంటే, సవరణలన్నీ కలిపిన ఏకీకృత పాఠాన్నీ, చివరి సవరణ పత్రం ముందుమాటలో ఇచ్చిన కారణాలనూ రెండింటినీ చూడాలి. మొదటిది ఇప్పుడు ఏది అమల్లో ఉందో చెబుతుంది, రెండోది ఎందుకు మార్చవలసి వచ్చిందో చెబుతుంది.

అధికారం ఎక్కడి నుంచి వచ్చింది

ముందుగా తేల్చుకోవలసినది ఈ నిషేధానికి ఆధారమైన అధికారం ఎవరిది అన్నది. ఐక్యరాజ్య సమితి అధికార పత్రంలోని 41వ అధికరణం కింద భద్రతా మండలి ఆంక్షలు విధిస్తే సభ్య దేశాలన్నీ వాటిని పాటించాలి. 1997 ఆగస్టులో అంగోలాలోని యునిటా అనే తిరుగుబాటు సంస్థ పెద్దలపైనా, వారి కుటుంబాల్లోని వయోజనులపైనా 1127వ తీర్మానం ద్వారా మండలి ప్రయాణ నిషేధం విధించింది. అదే ఏడాది అక్టోబరులో సియెర్రా లియోన్ సైనిక పాలకులపై 1132వ తీర్మానం ద్వారా అదే పని చేసింది. కానీ యుద్ధానికి దిగిన దేశమే భద్రతా మండలిలో శాశ్వత సభ్యురాలైతే ఈ దారి మూసుకుపోతుంది. 2022 ఫిబ్రవరి 25న దాడిని ఖండించే తీర్మానాన్నే రష్యా వీటో చేసింది. అందువల్ల ఉక్రెయిన్ యుద్ధానికి సంబంధించిన ప్రయాణ నిషేధాలన్నీ ఆయా దేశాల సొంత చట్టాల నుంచి, లేదా యూరోపియన్ యూనియన్ వంటి కూటమి నిబంధనల నుంచి పుట్టినవే. వాటి పరిధి కూడా అక్కడికే పరిమితం.

అమెరికాలో ఈ అధికారం 1952 నాటి వలస, జాతీయత చట్టంలోని సెక్షన్ 212(ఎఫ్)లో ఉంది. దేశ ప్రయోజనాలకు హాని అని భావించిన విదేశీయుల ప్రవేశాన్ని అధ్యక్షుడు ప్రకటన ద్వారా నిలిపివేయవచ్చని ఆ సెక్షన్ చెబుతుంది. ఉక్రెయిన్‌లోని క్రిమియాను రష్యా ఆక్రమించిన సంక్షోభం నడుస్తుండగా 2014 మార్చి 6న వెలువడిన 13660వ కార్యనిర్వాహక ఉత్తర్వును తెరిస్తే, మొదటి సెక్షన్ ఆస్తుల స్తంభన (ఫ్రీజ్) గురించి ఉంటుంది, రెండో సెక్షన్ ఆ వ్యక్తుల ప్రవేశాన్ని నిలిపివేస్తుంది. ఆ రెండో సెక్షన్ తనంతట తాను పూర్తి కాదు, 2011 జులై 24 నాటి 8693వ ప్రకటన వైపు వేలు చూపిస్తుంది. చదివేవారు ఆ ప్రకటననూ తీసి చూడవలసిందే. ఇటువంటి చట్టాల్లో ఒక పత్రం మరో పత్రాన్ని, అది ఇంకో పత్రాన్ని ప్రస్తావించడం మామూలు. గొలుసులో చివరి లంకె చేరేదాకా వెళ్లకపోతే సగమే చదివినట్టు.

యూరోపియన్ యూనియన్ విషయంలో చాలామంది పొరపడే చోటు ఒకటి ఉంది. 2014 మార్చి 17న అక్కడ రెండు పత్రాలు ఒకే రోజు వచ్చాయి. ఒకటి 2014/145 నిర్ణయం, రెండోది 269/2014 నియమావళి. నియమావళి మాత్రమే చదివినవారికి ప్రయాణ నిషేధం ఎక్కడా కనిపించదు, ఎందుకంటే అందులో ఉన్నది ఆస్తుల స్తంభనే. ప్రయాణ నిషేధం నిర్ణయంలోని 1వ అధికరణంలో ఉంది. వీసా ఇవ్వడం, సరిహద్దు కాపలా సభ్య దేశాల చేతుల్లో ఉన్న పనులు కాబట్టి, ఆ అధికరణం సభ్య దేశాలను ఉద్దేశించి, జాబితాలోని వ్యక్తులు తమ భూభాగంలోకి ప్రవేశించకుండా, తమ భూభాగం మీదుగా వెళ్లకుండా అవసరమైన చర్యలు తీసుకోవాలని ఆదేశిస్తుంది. అంటే యూనియన్ కేంద్రమైన బ్రస్సెల్స్‌లో జాబితా తయారవుతుంది, తలుపు వేసేది మాత్రం ఒక్కో దేశపు అధికారి.

న్యూజీలాండ్ అనుభవం మరో రకమైనది. ఆ దేశం అంతవరకు భద్రతా మండలి ఆంక్షలనే అమలు చేసేది, సొంతంగా ఆంక్షలు విధించే సాధారణ చట్టం దానికి లేదు. మండలిలో వీటో పడగానే చేతిలో ఆయుధం లేకుండా పోయింది. అందుకే రష్యా ఆంక్షల చట్టాన్ని ప్రత్యేకంగా రూపొందించి, 2022 మార్చి 9న పార్లమెంటులో ఏకగ్రీవంగా ఆమోదించుకుంది. ఒక్క యుద్ధం కోసం హడావిడిగా తెచ్చిన చట్టానికీ, బ్రిటన్‌లోని 2018 ఆంక్షల చట్టంలా ఏ సందర్భానికైనా పనికొచ్చేలా ముందే సిద్ధంగా ఉంచుకున్న చట్టానికీ తేడా గమనించండి. మొదటి దానిలో ప్రయోజనం చట్టం పేరులోనే ఉంటుంది. రెండో దానిలో అసలు విషయం చట్టంలో దొరకదు, దాని కింద వచ్చే నిబంధనల్లో దొరుకుతుంది. బ్రిటన్ విషయంలో అవి 2019 నాటి రష్యా ఆంక్షల నిబంధనలు.

పేరు కంటే ముందు కారణం చదవండి

ఇక్కడ తొందరపడకండి. చట్టమంతటిలో అత్యంత విలువైన భాగం ఎవరిని జాబితాలో చేర్చవచ్చో చెప్పే ప్రమాణం. ఆ ప్రమాణం మూడు రకాలుగా ఉండవచ్చు. వ్యక్తి చేసిన పనిని బట్టి చేర్చడం ఒకటి, అతడు ఉన్న పదవిని లేదా హోదాను బట్టి చేర్చడం రెండోది, ఫలానావారితో అతడికున్న సంబంధాన్ని బట్టి చేర్చడం మూడోది. ఈ మూడింటిలో ఏది వాడారన్న దాన్ని బట్టే సాక్ష్యం ఎంత కావాలో, కోర్టులో ఏం జరుగుతుందో నిర్ణయమవుతుంది.

పనిని బట్టి చేర్చడం ఎలా ఉంటుందో చూడాలంటే 2014 మార్చి 17 నాటి యూరోపియన్ జాబితాలో మొదటి పేరు దగ్గరికి వెళ్లండి. ఆ రోజు జాబితాలో ఉన్నది 21 మందే. అనుబంధం ఒక పట్టిక రూపంలో ఉంటుంది. ఒక గడిలో పేరు, పక్క గడిలో పుట్టిన తేదీ వంటి గుర్తింపు వివరాలు, ఆ తరువాత చేర్చడానికి కారణాలు, చివరి గడిలో చేర్చిన తేదీ. మొదటి వరుసలో ఉన్నది సెర్గేయ్ అక్స్యోనోవ్. సాయుధులైన రష్యా అనుకూలుర సమక్షంలో 2014 ఫిబ్రవరి 27న క్రిమియా శాసనసభలో ఆయన 'ప్రధానమంత్రి'గా ఎన్నికయ్యారని, ఆ ఎన్నిక రాజ్యాంగ విరుద్ధమని ఉక్రెయిన్ తాత్కాలిక అధ్యక్షుడు మార్చి 1న ప్రకటించారని కారణాల గడిలో రాశారు. తేదీ ఉంది, స్థలం ఉంది, జరిగిన పని ఉంది. ఆ మూడింటినీ ఒక్కొక్కటిగా పరీక్షించవచ్చు. కారణాల గడి ఇంత నిర్దిష్టంగా ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను. 'ప్రభుత్వానికి సన్నిహితుడు', 'ప్రభావశీలి' వంటి మాటలతో సరిపెట్టిన వరుసలు మీకు కనిపిస్తే, వాటి పక్కన గుర్తు పెట్టుకోండి, ఎందుకంటే రేపు వివాదం లేచేది ఆ వరుసల దగ్గరే.

ఒకేసారి వందల మందిని చేర్చినప్పుడూ ఇదే పరీక్ష పెట్టవచ్చు. 2022 ఫిబ్రవరి 23న యూరోపియన్ యూనియన్ రష్యా పార్లమెంటు దిగువ సభ అయిన డూమాలోని 351 మంది సభ్యులను జాబితాలో చేర్చింది. తూర్పు ఉక్రెయిన్‌లోని దొనెట్స్క్, లుహాన్స్క్ ప్రాంతాలను స్వతంత్ర రాజ్యాలుగా గుర్తించమని అధ్యక్షుడిని కోరే తీర్మానానికి అనుకూలంగా ఫిబ్రవరి 15న వారు ఓటు వేశారన్నది కారణం. సంఖ్య పెద్దదే అయినా ఆధారం బలమైనది, ఎందుకంటే సభలో ఓటు వేయడం ఒక పని, అది నమోదై ఉంటుంది. బ్రిటన్ 2022 మార్చి 11న 386 మంది డూమా సభ్యులపై చర్య తీసుకుంది. రెండు సంఖ్యలూ ఎందుకు వేరుగా ఉన్నాయని అడగడం మంచి అభ్యాసం. రెండు ప్రభుత్వాలు వాడిన ప్రమాణాలను పక్కపక్కన పెట్టి చదివితేనే జవాబు దొరుకుతుంది.

సంబంధాన్ని బట్టి చేర్చడంలో ఉన్న ప్రమాదం వియొలెట్టా ప్రిగోజినా కేసులో స్పష్టంగా బయటపడింది. రష్యా ప్రైవేటు సైనిక సంస్థ అయిన వాగ్నర్ దళ నాయకుడు యెవ్గేనీ ప్రిగోజిన్ తల్లి అయిన ఆమెను 2022 ఫిబ్రవరిలో యూరోపియన్ జాబితాలో చేర్చారు. ఆమె కొడుకు సంస్థలతో ముడిపడిన వ్యాపారాలకు యజమానురాలన్నది కారణాల గడిలోని వాదన. 2023 మార్చి 8న యూరోపియన్ యూనియన్ సాధారణ న్యాయస్థానం (జనరల్ కోర్ట్) ఆ చేర్పును రద్దు చేసింది. ఆ యాజమాన్యం చేర్చే నాటికి కొనసాగుతోందని రుజువు కాలేదని, కేవలం తల్లీకొడుకుల బంధం చాలదని తీర్పు చెప్పింది. కొడుకు చేసిన యుద్ధం ఎంత ఘోరమైనదైనా, తల్లి అయినందుకు మాత్రమే శిక్షించే చట్టాన్ని న్యాయస్థానం ఒప్పుకోకపోవడం సబబేనని నా అభిప్రాయం. అయితే మరో వైపు కూడా చూడాలి. సొమ్మును, ఇళ్లను, కంపెనీలను భార్యాపిల్లల పేర్ల మీదకు మార్చి తాము తప్పుకోవడం కుబేరులకు కొత్త కాదు. అందుకే 2023 జూన్‌లో యూరోపియన్ యూనియన్ ప్రమాణాన్నే సవరించి, ప్రముఖ వ్యాపారవేత్తల సమీప కుటుంబ సభ్యులు వారి వల్ల లబ్ధి పొందుతుంటే చేర్చవచ్చని రాసుకుంది. ఇక్కడ కీలకమైన మాట 'లబ్ధి'. రక్తసంబంధానికి తోడు మరో షరతు జతచేశారు. కుటుంబ సభ్యుల ప్రస్తావన ఉన్న ఏ చట్టాన్ని చదివినా, అటువంటి అదనపు షరతు ఉందా లేదా అని చూడండి. అమెరికాలో ఏటా వ్యయ చట్టంలో వచ్చే 7031(సీ) సెక్షన్ భారీ అవినీతికి లేదా ఘోరమైన మానవ హక్కుల ఉల్లంఘనకు పాల్పడిన విదేశీ అధికారులతో పాటు వారి సమీప కుటుంబ సభ్యులనూ ప్రవేశానికి అనర్హులను చేస్తుంది. ఒకే సమస్యకు రెండు చట్టాలు ఎంత వేరుగా జవాబు చెప్పాయో గమనించండి.

హోదాను బట్టి చేర్చడం గురించి ఒక్క హెచ్చరిక. ప్రతి జాబితా ఆంక్షల జాబితా కాదు. 2017 ఆగస్టులో అమెరికా తెచ్చిన చట్టంలోని 241వ సెక్షన్ రష్యా పెద్దల గురించి, కుబేరుల గురించి నివేదిక ఇవ్వమని ఆర్థిక శాఖను ఆదేశించింది. 2018 జనవరిలో వచ్చిన ఆ నివేదికలో 114 మంది రాజకీయ ప్రముఖులు, 96 మంది కుబేరులు, మొత్తం 210 పేర్లు ఉన్నాయి. కుబేరులుగా చేర్చడానికి వాడిన కొలత వంద కోట్ల డాలర్ల ఆస్తి. అది ఆంక్షల జాబితా కాదని నివేదికలోనే చెప్పినా, చాలామంది దాన్ని అలాగే చదివారు. నివేదిక ఇవ్వమనే సెక్షన్‌కూ, ప్రవేశాన్ని నిరాకరించమనే సెక్షన్‌కూ మధ్య ఉన్న తేడాను క్రియాపదమే చెబుతుంది. ఆ క్రియాపదం కింద గీత గీసుకోండి.

పేర్లు బయటపెట్టని నిషేధాలు కూడా ఉంటాయి. 2022 ఆగస్టు 2న అమెరికా విదేశాంగ శాఖ 893 మంది రష్యా అధికారులపై వీసా ఆంక్షలు విధించినట్టు ప్రకటించింది, సంఖ్య చెప్పింది గాని పేర్లు చెప్పలేదు. అక్కడి చట్టం వీసా దస్త్రాలను గోప్యంగా ఉంచమంటుంది. ఇటువంటి నిషేధాన్ని బయటివారు పరీక్షించే వీలు లేదు. అందువల్ల దాని గురించి రాసేటప్పుడు ప్రకటనలో ఉన్నంత మేరకే రాయాలి, పేర్లు ఊహించకూడదు.

జాబితా సరిహద్దు దాకా చేరుతుందా

ఇదే నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచే ప్రశ్న. జాబితాలో పేరు చేరడం వేరు, విమానాశ్రయంలో పాస్‌పోర్ట్ అందుకున్న అధికారి ఆ పేరు చూసి వెనక్కి పంపగలగడం వేరు. ఈ రెంటికీ మధ్య చట్టపరమైన లంకె ఒకటి ఉండాలి. అది లేకపోతే ఆంక్షల చట్టం ఒక వైపు, వలస చట్టం మరో వైపు ఉండిపోతాయి.

కెనడాలో జరిగింది ఇదే. అక్కడి ప్రత్యేక ఆర్థిక చర్యల చట్టం 1992 నాటిది. దాని కింద విదేశీయులపై ఆంక్షలు విధించడానికి నాలుగు సందర్భాలు ఉన్నాయి. అంతర్జాతీయ సంస్థ పిలుపు ఇవ్వడం, అంతర్జాతీయ శాంతికి తీవ్ర భంగం కలగడం, మానవ హక్కుల ఘోర ఉల్లంఘన, భారీ అవినీతి. 2017లో వలస చట్టాన్ని సవరించినప్పుడు చివరి రెండు సందర్భాల్లో ఆంక్షలకు గురైనవారిని దేశ ప్రవేశానికి అనర్హులను చేశారు. కానీ ఒక దేశం మరో దేశంపై దండెత్తినప్పుడు సహజంగా వాడేది రెండో సందర్భం, అంటే శాంతి భంగం. ఆ కారణంతో జాబితాకెక్కినవారి బ్యాంకు ఖాతాలు స్తంభించినా, ఆ చేర్పు ఒక్కటే వారిని సరిహద్దు దగ్గర అనర్హులను చేసేది కాదు. యుద్ధానికి కారకులైనవారికే వర్తించకుండా ఉన్న ఈ ఖాళీని పూడ్చడానికి 2022 మేలో ఎస్-8 బిల్లు సెనేట్‌లో ప్రవేశపెట్టారు. అది 2023 జూన్ 22న రాజముద్ర పొంది చట్టమైంది. పూర్తిస్థాయి దాడి మొదలై అప్పటికి ఏడాదికి పైగా గడిచింది. మీరు ఏ దేశపు చట్టం చదువుతున్నా, 'ఈ జాబితాలో ఉన్న వ్యక్తి వలస చట్టంలోని ఏ సెక్షన్ కింద అనర్హుడు?' అన్న ప్రశ్నకు సెక్షన్ సంఖ్యతో సహా జవాబు రాసుకోండి. రాయలేకపోతే నిషేధం అసంపూర్ణమని అనుమానించండి.

బ్రిటన్ ఈ లంకెను గట్టిగానే బిగించింది. ఆంక్షల నిబంధనల కింద ప్రవేశం నిషేధించిన వ్యక్తి 1971 వలస చట్టంలోని 8బీ సెక్షన్ ప్రకారం 'బహిష్కృత వ్యక్తి' అవుతాడు. అతడికి ప్రవేశ అనుమతి నిరాకరించాలి. అంతేకాక అప్పటికే ఉన్న అనుమతి కూడా రద్దయిపోతుంది. ఈ రెండో భాగాన్ని ప్రత్యేకంగా వెతకండి. యుద్ధం మొదలయ్యే నాటికే లోపల ఇల్లు కొనుక్కుని నివసిస్తున్న కుబేరుడి సంగతి ఏమిటన్నది ప్రవేశాన్ని మాత్రమే నిషేధించే చట్టంలో తేలదు.

యూరప్‌లో ఈ పని షెంగెన్ (తమ మధ్య సరిహద్దు తనిఖీలు ఎత్తేసిన దేశాల ప్రాంతం) సమాచార వ్యవస్థ ద్వారా జరుగుతుంది. జాబితాలోని పేరును ఆ వ్యవస్థలో ప్రవేశ నిరాకరణ హెచ్చరికగా నమోదు చేస్తే, షెంగెన్ ప్రాంతంలోని ఏ దేశపు సరిహద్దులోనైనా అది అధికారి తెర మీదకు వస్తుంది. ఇక్కడ చిన్న విషయమే పెద్ద చిక్కు తెస్తుంది. రష్యన్ లిపిలోని ఒకే పేరును ఇంగ్లీషు పద్ధతిలో ఒకలా, ఫ్రెంచి పద్ధతిలో మరోలా రాస్తారు. పాత పాస్‌పోర్టులో ఉన్న స్పెల్లింగ్ కొత్త దానిలో ఉండకపోవచ్చు. కనుక గుర్తింపు వివరాల గడిలో తండ్రి పేరుతో కూడిన పూర్తి పేరు, మూల లిపిలో పేరు, పుట్టిన తేదీ, పుట్టిన ఊరు ఉన్నాయో లేదో చూడండి. అవి లేని వరుస దోషిని వదిలేయవచ్చు, అంతకంటే విచారకరంగా, అదే పేరున్న మరో అమాయకుడిని సరిహద్దులో నిలబెట్టవచ్చు.

రెండో పాస్‌పోర్ట్ ఉన్నవారు

సాధారణంగా ఏ దేశమూ తన పౌరుడికి ప్రవేశం నిరాకరించదు. 2014/145 నిర్ణయంలోనూ, సభ్య దేశాలు సొంత పౌరులకు ప్రవేశం నిరాకరించవలసిన బాధ్యత ఏమీ లేదని స్పష్టంగా రాశారు. అంటే పెట్టుబడి పెట్టి యూరప్ పౌరసత్వం కొనుక్కున్న విదేశీ కుబేరుడు ఆస్తుల స్తంభనకు లోబడి ఉన్నా, తన రెండో దేశపు తలుపు అతడికి తెరిచే ఉంటుంది. ప్రయాణ నిషేధ చట్టాన్ని పౌరసత్వ విక్రయ పథకాలతో కలిపి చదవమని చెప్పేది ఇందుకే. బ్రిటన్ 2022 ఫిబ్రవరి 17న, అంటే దాడికి సరిగ్గా వారం ముందు, తన పెట్టుబడిదారుల వీసాను మూసివేసింది. సైప్రస్ తన పౌరసత్వ పథకాన్ని 2020 నవంబరులోనే ఆపేసింది. మాల్టా పథకం యూరోపియన్ చట్టానికి విరుద్ధమని 2025 ఏప్రిల్ 29న యూరోపియన్ న్యాయస్థానం తీర్పు ఇచ్చింది. చట్టం ముందు తలుపు మూస్తూ ఉంటే పక్కనే మరో శాఖ దొడ్డిదారి తాళంచెవి అమ్ముతూ ఉండడం యుద్ధ బాధితుల పట్ల అన్యాయమని చెప్పడానికి నేను వెనుకాడను.

మినహాయింపులను ఎలా తూచాలి

మినహాయింపు కనిపించగానే దాన్ని లొసుగు అనుకోకండి. కొన్ని మినహాయింపులు ఇతర అంతర్జాతీయ బాధ్యతల వల్ల తప్పనిసరి. 1947 నాటి ప్రధాన కార్యాలయ ఒప్పందం ప్రకారం ఐక్యరాజ్య సమితికి వచ్చే ప్రతినిధులకు అమెరికా అడ్డుపడకూడదు. రష్యా విదేశాంగ మంత్రి సెర్గేయ్ లవ్రోవ్‌పై 2022 ఫిబ్రవరి 25 నుంచే అమెరికా ఆంక్షలు ఉన్నప్పటికీ, 2023 ఏప్రిల్‌లో ఆయన న్యూయార్క్ వచ్చి భద్రతా మండలి సమావేశానికి అధ్యక్షత వహించగలిగారు. యూరోపియన్ నిర్ణయంలోనూ ఆతిథ్య దేశపు బాధ్యతలకు, ఇటలీ వాటికన్‌తో 1929లో చేసుకున్న లాటరన్ ఒప్పందానికి చోటు ఇచ్చారు. బ్రిటన్ చట్టంలో మానవ హక్కుల ఒప్పందానికి, శరణార్థుల ఒప్పందానికి విరుద్ధమయ్యే సందర్భాలకు మినహాయింపు ఉంది.

విచక్షణతో ఇచ్చే మినహాయింపులే నిశితంగా చూడవలసినవి. యూరోపియన్ నిర్ణయం ప్రకారం అత్యవసర మానవతా అవసరానికి గాని, ఆంక్షల లక్ష్యాలకు నేరుగా తోడ్పడే రాజకీయ సంభాషణ జరిగే ప్రభుత్వాల స్థాయి సమావేశానికి గాని ఒక సభ్య దేశం అనుమతి ఇవ్వవచ్చు. అయితే ముందు యూరోపియన్ యూనియన్ మండలికి (సభ్య దేశాల మంత్రుల కౌన్సిల్‌కు) రాతపూర్వకంగా తెలపాలి. రెండు పని దినాల్లో ఏ సభ్య దేశమూ రాతపూర్వక అభ్యంతరం చెప్పకపోతే అనుమతి లభించినట్టే. అభ్యంతరం వస్తే ఆ మండలి ప్రత్యేక మెజారిటీతో తేల్చాలి. ఈ పద్ధతిలో నాకు నచ్చేది ఏమిటంటే, మినహాయింపు కోరిన దేశం ఎవరు, ఎందుకు కోరింది అన్నది ఇతర దేశాలకు తెలియక తప్పదు. మీరు చదువుతున్న చట్టంలో మినహాయింపు ఇచ్చేది ఒక్క మంత్రేనా, కారణం రాయాలా, ఎవరికైనా తెలపాలా, ఆ అనుమతి ఫలానా ప్రయాణానికే పరిమితమా అని చూసుకోండి.

కొన్నిసార్లు మినహాయింపు జాబితాలోనే దాగి ఉంటుంది. 2022 ఫిబ్రవరి 25న యూరోపియన్ యూనియన్ రష్యా అధ్యక్షుడు పుతిన్‌నూ, లవ్రోవ్‌నూ జాబితాలో చేర్చినప్పుడు ఆస్తుల స్తంభనను మాత్రమే వర్తింపజేసింది, ప్రయాణ నిషేధాన్ని కాదు. చర్చల దారి పూర్తిగా మూసుకుపోకూడదన్న ఆలోచన దీనివెనుక ఉంది. 2022 డిసెంబరులో పోలండ్‌లోని వుడ్జ్ నగరంలో జరిగిన యూరప్ భద్రత, సహకార సంస్థ సమావేశానికి పోలండ్ లవ్రోవ్‌ను రానివ్వలేదు. 2024 డిసెంబరులో అదే సంస్థ సమావేశానికి మాల్టా రానిచ్చింది. అంతకు ముందు 2022 జూన్‌లో బల్గేరియా, ఉత్తర మాసిడోనియా, మోంటెనెగ్రో తమ గగనతలం మీదుగా ఎగరనివ్వకపోవడంతో ఆయన సెర్బియా పర్యటన రద్దయింది. కాబట్టి 'ఆంక్షల జాబితాలో ఉన్నారు' అని రాసేముందు ఏ ఆంక్ష వర్తిస్తుందో వరుస వరుసనా చూడాలి, గగనతల నిషేధం వంటి పక్క నిబంధనలను కూడా కలుపుకోవాలి.

ఉల్లంఘిస్తే శిక్ష

ఈ భాగం త్వరగా తేలిపోతుంది. నిషేధిత వ్యక్తిని లోపలికి రానిచ్చినవారికి, అందుకు సహకరించినవారికి శిక్ష ఉందా అన్నదే ప్రశ్న. 2024 ఏప్రిల్ 24 నాటి 2024/1226 ఆదేశంతో యూరోపియన్ యూనియన్, జాబితాలోని వ్యక్తి సభ్య దేశంలోకి ప్రవేశించడానికి లేదా దాని మీదుగా వెళ్లడానికి వీలు కల్పించడాన్ని నేరాల జాబితాలో చేర్చింది. సభ్య దేశాలు దాన్ని తమ చట్టాల్లో పొందుపరచడానికి 2025 మే 20 వరకు గడువు ఇచ్చారు.

బయటపడే దారి, గడువు

ఎవరినైనా జాబితాలో చేర్చే అధికారం ఉన్న చోట, తప్పుగా చేర్చినప్పుడు బయటపడే దారి కూడా ఉండాలి. ఆ దారిని ముందు పరిపాలన స్థాయిలో, తరువాత కోర్టు స్థాయిలో వెతకండి. యూరోపియన్ యూనియన్‌లో రెండు నెలల గడువులో, దూరం కింద మరో పది రోజులు కలుపుకుని, సాధారణ న్యాయస్థానంలో దావా వేయవచ్చు. చేర్పుకు 'తగినంత దృఢమైన వాస్తవాధారం' ఉందా అని ఆ కోర్టు చూస్తుంది. వ్యాపారవేత్తలు పీటర్ అవెన్, మిఖాయిల్ ఫ్రిడ్‌మన్‌లను 2022 ఫిబ్రవరి నుంచి 2023 మార్చి వరకు జాబితాలో ఉంచిన చర్యలను 2024 ఏప్రిల్ 10న ఆ కోర్టు రద్దు చేసింది. ఈ తీర్పును వార్తల్లో చదివినవారు వారిద్దరూ ఆంక్షల నుంచి బయటపడ్డారని అనుకున్నారు. అయితే తీర్పు వర్తించింది ఆ కాలానికే, తరువాతి పొడిగింపులు వేరే చర్యలు. కోర్టు తీర్పు చదివేటప్పుడు అది ఏ తేదీల మధ్య జరిగిన ఏ చర్యను కొట్టివేసిందో రాసుకోవడం తప్పనిసరి.

బ్రిటన్‌లో మెట్టు తక్కువ ఎత్తులో ఉంది. వ్యక్తికి ప్రమేయం ఉందని 'అనుమానించడానికి సహేతుక కారణాలు' ఉంటే మంత్రి చేర్చవచ్చు. 2022 మార్చి 15న రాజముద్ర పొందిన ఆర్థిక నేరాల చట్టం దీన్ని ఇంకా సులభం చేసింది. అమెరికా, యూరోపియన్ యూనియన్, ఆస్ట్రేలియా, కెనడా ఇప్పటికే ఆంక్షలు విధించినవారిని అత్యవసర పద్ధతిలో 56 రోజులకు చేర్చుకోవచ్చు, దాన్ని మరో 56 రోజులు పొడిగించవచ్చు, ఆ తరువాత మామూలు ప్రమాణం నిరూపించాలి. చట్టం అమల్లోకి వచ్చిన రోజే వందల పేర్లు చేరాయి. చేర్పును సవాలు చేసిన వ్యాపారవేత్త యూజీన్ ష్విడ్లర్ అభ్యర్థనను 2025 జులైలో అక్కడి సుప్రీంకోర్టు మెజారిటీతో తిరస్కరించింది, ఒక న్యాయమూర్తి మాత్రం విభేదించారు. యుద్ధకాలంలో వేగం అవసరమని నేనూ ఒప్పుకుంటాను. ఆ వేగానికి గడువు కట్టి, గడువు తీరాక కారణం చూపమని అడగడం వల్లనే అది భరించదగినదవుతుంది. అత్యవసర చేర్పు ఉండి, దానికి గడువు లేని చట్టం మీ కంట పడితే ఆ లోపాన్ని తప్పక ఎత్తి చూపండి.

చివరగా పొడిగింపు తేదీలు. యూరోపియన్ యూనియన్ ప్రయాణ నిషేధాలు ఆరు నెలలకోసారి, మార్చి 15కూ సెప్టెంబరు 15కూ ముందు, సభ్య దేశాలన్నీ ఏకగ్రీవంగా ఒప్పుకుంటేనే కొనసాగుతాయి. ఒక్క దేశం అడ్డం తిరిగినా బేరసారాలు మొదలవుతాయి. 2025 మార్చి పొడిగింపు అటువంటి బేరం తరువాత, కొన్ని పేర్ల తొలగింపుతో జరిగింది. ఆ రెండు తేదీలకు ముందు వారంలో పాత అనుబంధాన్ని భద్రపరుచుకోండి. కొత్తది వెలువడిన రోజున రెంటినీ పక్కపక్కన పెట్టి, ఏ వరుస తగ్గిందో, ఏ వరుసలో కారణాల గడి మారిందో గుర్తించండి. తొలగించిన పేర్ల గురించి పత్రికా ప్రకటనలో ఒక్క వాక్యమే ఉండవచ్చు. మారిన కారణాల గడి గురించి అసలు ప్రస్తావనే ఉండకపోవచ్చు.